బ్రెంట్‌ని చూస్తే నవ్వు రావట్లేదు, ఏం చేయాలి?

ప్రశ్న: మాది హనుమకొండ. పెళ్ళయ్యాక రెండేళ్ళ కిందట ఇంగ్లండ్ వచ్చాను. రీడింగ్‌లో ఉంటాం, నేను రోజూ రైల్లో లండన్ వెళ్ళి ఉద్యోగం చేసుకుంటాను. బీటెక్ హాస్టల్లో 'ఫ్రెండ్స్' చూసి చూసి ఇంగ్లీషు నేర్చుకున్న బ్యాచ్ మాది. అమెరికా కామెడీ సీరియల్ 'ది ఆఫీస్' అయితే మొత్తం రెండుసార్లు చూశాను. 'అది నకలు, అసలుది ఇక్కడిది' అని మా ఆయన బ్రిటిష్ 'ఆఫీస్' పెట్టారు. మూడు ఎపిసోడ్లు చూశాను. ఒక్కసారి కూడా నవ్వు రాలేదు. అందులోని మేనేజర్ బ్రెంట్‌ని చూస్తుంటే సిగ్గేసి దుప్పటి కప్పుకోవాలనిపించింది. 'బ్రిటిష్ హాస్యం అర్థం కావాలంటే కాస్త స్థాయి ఉండాలి' అన్నారు మా ఆయన. డల్లాస్‌లో ఉన్న మా అన్నయ్యేమో 'అక్కడ ఎండ ఉండదు కదా, అందుకే వాళ్ళ కామెడీ కూడా ఏడుపు మొహం పెట్టుకుని ఉంటుంది' అంటాడు. ఆఫీసులో టీ దగ్గర అందరూ ఆ సీరియళ్ళ డైలాగులు చెప్పుకుని నవ్వుతుంటే నేనూ నవ్వినట్టు నటిస్తున్నాను. నిజంగా నాకే హాస్యం అర్థం కాదా?
ఒక పాఠకురాలు, రీడింగ్

సమాధానం: దుప్పటి కప్పుకోవాలనిపించింది అన్నారే, అక్కడితోనే ఆ సీరియల్ మీకు పూర్తిగా అర్థమైపోయింది. రికీ జెర్వైస్, స్టీఫెన్ మర్చంట్ పనిగట్టుకుని రాసిందే అందుకు. నేను మొదటిసారి చూసినప్పుడు రెండో ఎపిసోడ్ మధ్యలో లేచి వంటింట్లోకి పోయి గిన్నెలు కడిగాను. మా ఇంట్లో అదొక వింత, ఇప్పటికీ చెప్పుకుంటారు. గిన్నెలయ్యాక తిరిగొచ్చి మిగతాది చూశాను. కాబట్టి స్థాయి గురించి బెంగ పెట్టుకోకండి, ఉన్నా లేకున్నా మనిద్దరిదీ ఒకటే.

మీరు రెండూ చూశారు కాబట్టి ఒక్క సీను పక్కపక్కన పెట్టి చూద్దాం. మొదటి ఎపిసోడ్. కొత్తగా చేరిన కుర్రాడి ముందు తనెంత సరదా మనిషో చూపించుకోవాలని మేనేజర్‌కి ఉబలాటం. రిసెప్షనిస్టును గదిలోకి పిలిచి, పోస్టిట్ చీటీలు దొంగిలించావు, నీ ఉద్యోగం పోయింది అంటాడు. ఆ పిల్ల నమ్మేసి ఏడుస్తుంది. అప్పుడు 'ఊరికే అన్నాలే' అంటాడు. కుర్రాడికి ఎటు చూడాలో తెలియదు, మనకూ తెలియదు. బ్రిటిష్ ఆఫీసు ఉన్న స్లౌ ఊళ్ళో ఆ అమ్మాయి డాన్, అమెరికా ఆఫీసు ఉన్న స్క్రాంటన్‌లో పామ్. స్లౌలో ఆ మేనేజర్ డేవిడ్ బ్రెంట్, స్క్రాంటన్‌లో మైఖేల్ స్కాట్. 2005 మార్చిలో ఎన్‌బీసీలో వచ్చిన అమెరికా మొదటి ఎపిసోడ్‌ని బ్రిటిష్ స్క్రిప్టు దగ్గర పెట్టుకుని, చాలాచోట్ల మాటకు మాట దించేశారు. గుర్తు చేసుకోండి, అమెరికాది మొదటి సీజన్ చూసినప్పుడు కూడా మీరు కొంచెం ఇబ్బంది పడే ఉంటారు. అదృష్టం కొద్దీ అవి ఆరే ఎపిసోడ్లు. ఇప్పటికీ కొత్తగా చూసేవాళ్ళకి 'రెండో సీజన్ నుంచి మొదలెట్టు' అని సలహా ఇచ్చే అభిమానులు బోలెడుమంది.

ఆ రెండో సీజన్ దగ్గరే దారులు విడిపోయాయి. దాని మొదటి ఎపిసోడు 'డండీస్' మీకు నోటికి వచ్చే ఉంటుంది. మైఖేల్ తన స్టాఫ్‌కి ఏటా ఇచ్చే పిచ్చి అవార్డుల ఫంక్షను, ఒక రెస్టారెంట్‌లో. పాటలు పాడతాడు, జోకులు పేలవు, స్టాఫంతా తల పట్టుకుని కూర్చుంటారు. ఇంతలో బార్ దగ్గర కూర్చున్న ముక్కూమొహం తెలియనివాళ్ళు అతన్ని ఎగతాళి చేసి, మీదకి ఏవో విసురుతారు. మైఖేల్ మొహం వాడిపోతుంది, ఇక చాలిద్దాం అనుకుంటాడు. అప్పుడు, అప్పటిదాకా విసుక్కున్న వాళ్ళే అతని పక్షం వహిస్తారు. కాస్త మందెక్కిన పామ్ గట్టిగా కేకలేసి, చప్పట్లు కొట్టి అతన్ని నిలబెడుతుంది. మనవాణ్ణి మనం ఎన్నయినా అంటాం, బయటివాడు అంటే ఊరుకుంటామా? అమెరికా 'ఆఫీస్' మిగతా ఎనిమిదేళ్ళూ నడిచింది ఈ ఒక్క మాట మీదే.

ఇప్పుడు స్లౌకి రండి. రెండో సిరీస్, ఐదో ఎపిసోడ్. ఆ రోజు రెడ్ నోస్ డే, అంటే విరాళాల కోసం ఆఫీసుల్లో అందరూ వేషాలేసుకుని అల్లరి చేసే రోజు. బ్రెంట్ ఆస్ట్రిచ్ పక్షి వేషం కట్టాడు. ఆ వేషంలో ఉండగానే పైవాళ్ళు వచ్చి, నిన్ను ఉద్యోగంలోంచి తీసేస్తున్నాం అని చెబుతారు. ఒకపక్క ఆ రెక్కలు, ఒకపక్క ఆ మాట. ఎవరూ చప్పట్లు కొట్టరు, ఎవరూ భుజం మీద చెయ్యి వెయ్యరు. తర్వాతి ఎపిసోడ్‌లో, తీసేయొద్దని బతిమాలతాడు. అప్పటిదాకా గంటల తరబడి వాగిన మనిషికి అక్కడ మాట పెగలదు. (కథ ముందే చెప్పేసినందుకు మన్నించండి. మూడుతో ఆపేశానన్నారుగా అని ధైర్యం చేశాను.)

ఒకే ఉద్యోగం, ఒకే రకం మనిషి. ఒకడికి చప్పట్లు, ఇంకొకడికి ఆస్ట్రిచ్ రెక్కలు. దీన్ని మీ ఆయన స్థాయి అంటున్నారు, మీ అన్నయ్య వాతావరణం అంటున్నాడు. నేను మాత్రం ముందు లెక్కలు చూడమంటాను.

బ్రిటిష్ 'ఆఫీస్' మొత్తం కలిపి 14 ఎపిసోడ్లు. 2001లో ఆరు, 2002లో ఆరు, 2003 క్రిస్మస్‌కి రెండు. అమెరికాది 2013 దాకా తొమ్మిది సీజన్లు, 201 ఎపిసోడ్లు. బ్రిటన్‌లో ఇప్పటికీ తలుచుకు తలుచుకు నవ్వే 'ఫాల్టీ టవర్స్' ఎన్నో తెలుసా? పన్నెండు. మీ 'ఫ్రెండ్స్' 236. పండక్కొచ్చిన చుట్టం ఎంత చిరాకు మనిషైనా మూడు రోజులు భరిస్తాం, వెళ్ళాక అతని చేష్టలు చెప్పుకుని పడీ పడీ నవ్వుతాం. అదే మనిషి ఇల్లరికం వస్తే? అతనిలో ఏదో ఒక మంచి వెతుక్కోక తప్పదు, లేకపోతే కాపురం నడవదు. బ్రెంట్ పండగ చుట్టం. మైఖేల్ ఇల్లరికపు అల్లుడు.

ఇది ఇలా ఎందుకొచ్చిందంటే, డబ్బు దారులు వేరు. అమెరికా పెద్ద ఛానెళ్ళు ప్రకటనల మీద బతుకుతాయి. అరగంట సీరియల్లో కథకి మిగిలేది ఇరవై రెండు నిమిషాలు. ఏడాదికి ఇరవైకి పైగా ఎపిసోడ్లు. సుమారు వంద పూర్తయితే దేశమంతా ఉన్న లోకల్ స్టేషన్లు వాటిని కొనుక్కుని రోజూ మళ్ళీ మళ్ళీ వేసుకుంటాయి, అసలు లాభం అక్కడుంది. అన్ని ఎపిసోడ్లు ఒకరిద్దరు రాయలేరు కాబట్టి గదినిండా రచయితలు కూర్చుంటారు. ర్యాన్‌గా వేసిన బీజే నోవాక్, కెల్లీగా వేసిన మిండీ కేలింగ్, టోబీగా వేసిన పాల్ లీబర్‌స్టీన్ ముగ్గురూ ఆ గదిలోవాళ్ళే. 2006లో వచ్చిన దీపావళి ఎపిసోడ్ రాసింది మిండీనే. రోజూ సాయంత్రం అన్నం తింటూ చూసే జనానికి, వందోసారి చూసినా మైఖేల్ మీద అసహ్యం పుట్టకూడదు. రచయితలకి అదొక షరతు.

బీబీసీ సంగతి వేరు. మీరూ కడుతూ ఉంటారుగా టీవీ లైసెన్స్ ఫీజు, దాని మీద నడుస్తుంది. మధ్యలో ప్రకటనలుండవు. ఒకరో ఇద్దరో కూర్చుని ఆరు ఎపిసోడ్లు రాసుకొస్తారు. ఇంకో ఆరు రాయాలనిపిస్తే రాస్తారు, లేకపోతే లేదు. 'ఫాల్టీ టవర్స్' రాసిన జాన్ క్లీస్, కోనీ బూత్ భార్యాభర్తలు. 1975లో ఆరు రాశారు. మిగతా ఆరు వచ్చింది 1979లో, అప్పటికి వాళ్ళిద్దరూ విడిపోయారు కూడా. నాలుగేళ్ళ విరామం! అమెరికాలో ఏ ఛానెల్ ఓపిక పడుతుంది?

'ఫాల్టీ టవర్స్' ఎత్తాను కాబట్టి ఒక ముచ్చట. టార్కీ అనే సముద్రపు ఒడ్డు ఊళ్ళో బేసిల్ ఫాల్టీ హోటల్ నడుపుతుంటాడు. గెస్టులంటే అతనికి కిట్టదు, కాస్త గొప్పింటివాళ్ళలా కనిపిస్తే మాత్రం కాళ్ళ మీద పడిపోతాడు. ఒక ఎపిసోడ్‌లో విందుకి వంటకం తేవడానికి వెళ్తే కారు మొరాయిస్తుంది. ముందు దానికి మంచిమాటలు చెబుతాడు. తర్వాత బెదిరిస్తాడు, మూడు అంకెలు లెక్కపెడతాడు. కదలదు. చెప్పాను విన్నావు కాదు అన్నట్టు దిగి, పరుగున పక్కకి వెళ్ళి, ఇంత చెట్టుకొమ్మ విరుచుకొచ్చి కారుని చితకబాదుతాడు. కెమెరా దూరంగా నిలబడి చూస్తుంటుంది. అతను కొమ్మ కోసం వెళ్ళినప్పుడు ఆ ఖాళీ కారు ఒక్కటే తెరమీద ఉంటుంది చూడండి, నాకు అక్కడ నవ్వొస్తుంది. కొట్టేటప్పుడు కంటే అక్కడే ఎక్కువ.

ఇలాంటి మనిషిని అమెరికావాళ్ళు తమ దేశానికి తెచ్చుకోవాలని చూశారు. 1983లో ఏబీసీలో 'అమాండాస్' అని ఒక సీరియల్ వచ్చింది. హోటలుంది, ఒడ్డుంది, సముద్రం ఉంది. బేసిల్ లేడు! హోటల్ యజమానురాలిగా బీ ఆర్థర్ వేసింది. ఆవిడ మంచి నటి, సందేహం లేదు, కానీ గుత్తి వంకాయ కూరలోంచి వంకాయ తీసేస్తే ఏం మిగులుతుంది? నాలుగు నెలలైనా సరిగ్గా నిలవలేదు.

మీ ఆయన 'నకలు' అన్నారు కదా, ఆ మాటకి ఇక్కడ జవాబు చెప్పేస్తాను. నిజమైన నకలు నిలవదు. 'కప్లింగ్' అనే బ్రిటిష్ సీరియల్‌ని 2003లో ఎన్‌బీసీ దాని స్క్రిప్టులతోనే తీసింది, నాలుగు ఎపిసోడ్లు వేసి ఆపేసింది. నిలిచినవన్నీ మొక్క తెచ్చి వేరే మట్టిలో నాటినవి. 'టిల్ డెత్ అస్ డూ పార్ట్'లోని నోటిదురుసు ముసలాయన 1971లో 'ఆల్ ఇన్ ద ఫ్యామిలీ'లో ఆర్చీ బంకర్ అయ్యాడు, అమెరికా టీవీ దారే మారిపోయింది. అమెరికా 'ఆఫీస్' నకలుగా ఉన్నది ఆ మొదటి ఆరు ఎపిసోడ్లే. మీకు నచ్చింది ఆ తర్వాతది.

మీ అన్నయ్య మాటకీ ఒకటుంది. అమెరికా కామెడీ అంతా చప్పట్లూ కౌగిలింతలే అనుకుంటే పొరపాటు. 'సైన్‌ఫెల్డ్' తీసేటప్పుడు లారీ డేవిడ్ పెట్టుకున్న నియమం: కౌగిలింతలు ఉండవు, ఎవరూ బుద్ధి తెచ్చుకోరు. 180 ఎపిసోడ్లు అలాగే నడిచాయి. నా ఇల్లరికం సిద్ధాంతానికి ఇది అడ్డం వస్తుంది, నాకు తెలుసు. ఇంకో పక్క, స్కాట్లండ్‌లో పుట్టిన ఆర్మాండో ఇయనూచీ లండన్‌లో బీబీసీకి 'ద థిక్ ఆఫ్ ఇట్' తీసి, అదే చేత్తో అమెరికా వెళ్ళి హెచ్‌బీఓకి 'వీప్' తీశాడు. అక్కడా ఒక్కడూ మంచివాడు లేడు. హెచ్‌బీఓ చందా కట్టి చూసే ఛానెల్, ప్రకటనలు లేవు, సీజన్‌కి ఎనిమిదో పదో ఎపిసోడ్లు. ఎండ మాత్రం అక్కడ బాగానే కాస్తుంది.

'ఫ్రెండ్స్'లో వెనకాల నవ్వులు వినిపిస్తాయి, బ్రిటిష్‌వాటిలో వినిపించవు, అదే తేడా అని కూడా కొందరంటారు. 'ఫాల్టీ టవర్స్' స్టూడియోలో జనం ముందే తీశారు, నవ్వులు బ్రహ్మాండంగా వినిపిస్తాయి. కాబట్టి అది పక్కన పెట్టేయండి.

డబ్బు లెక్కకి అందని తేడా ఒకటుంది, మీరు అక్కడే ఉంటున్నారు కాబట్టి నాకంటే బాగా పట్టుకోగలరు. బ్రిటిష్ కామెడీలో సగం నవ్వు తన మెట్టు కంటే పై మెట్టు మీద ఉన్నట్టు నటించే మనిషి మీద. 'కీపింగ్ అప్ అప్పియరెన్సెస్'లో హయసింత్ అనే ఆవిడ ఇంటిపేరు బకెట్. అవును, మనం నీళ్ళు పట్టుకునే బకెట్టే. ఆవిడ మాత్రం దాన్ని 'బూకే' అని పలకాలంటుంది, పూలగుత్తిలాగ. ఫోనెత్తి, బూకే వారి నివాసం, ఇంటి యజమానురాలిని మాట్లాడుతున్నాను అంటుంది. అవతలివాడు పాలవాడో పోస్టువాడో. ఇలాంటి పెద్దమ్మ మనకి ప్రతి పెళ్ళిలోనూ ఎదురవుతుంది, మీకు అర్థం కాకపోవడమనే ప్రశ్నే లేదు. బ్రెంట్ కూడా ఈ జాతివాడే. తనని అందరూ బాస్‌గా కాక కళాకారుడిగా చూడాలని అతని తాపత్రయం. అమెరికా సీరియల్లో అయితే పై మెట్టు ఎక్కాలనుకునేవాణ్ణి చూసి జాలిపడతారు, చెయ్యి అందిస్తారు. ఇంగ్లండ్‌లో మెట్టు మీంచి జారేదాకా చూస్తారు.

ఇక టీ దగ్గర నవ్వినట్టు నటించడం. అది మానేయండి, ముందు ఆ పని చేయండి. మాది గోదావరి పక్క. మా ఊళ్ళో పొద్దెక్కాక పొలానికి బయల్దేరినవాణ్ణి చూసి టీకొట్టు దగ్గర పెద్దాయన 'ఏం బాబూ, ఇంకా తెల్లారందే వచ్చేశావు, కాసేపు పడుకోకపోయావా' అనేవాడు. మొహంలో ఒక్క గీత కదిలేది కాదు. కొత్తల్లుళ్ళు నిజంగా పలకరిస్తున్నాడేమో అనుకుని 'లేదండీ, మెలకువ వచ్చేసింది' అని జవాబు చెప్పేవాళ్ళు. అది విని కొట్టంతా నవ్వేది. మీ ఆఫీసు టీ బల్ల దగ్గర నడిచేది కూడా ఆ వెటకారమే. వానలో ముద్దయిపోయి వచ్చినవాడితో వాతావరణం బ్రహ్మాండంగా ఉన్నట్టుందే అంటారు. తెలియకుండా నవ్వితే ఆ కొత్తల్లుడి పరిస్థితే. దానికంటే 'నేనది చూడలేదు, ఎక్కణ్ణుంచి మొదలుపెట్టను?' అని అడగండి. ఈ ఒక్క ప్రశ్నకి అరగంట మాట్లాడతారు, వాళ్ళలో వాళ్ళకి పోట్లాట కూడా వస్తుంది. 'బ్రెంట్‌ని మూడు ఎపిసోడ్లకి మించి చూడలేకపోయాను' అనీ చెప్పండి. నాకూ అంతే అనేవాళ్ళు ఒకరైనా ఉంటారు.

బ్రెంట్‌ని కొన్నాళ్ళు అటక మీద పెట్టండి. ఈ శనివారం 'గుడ్‌నెస్ గ్రేషస్ మీ' వెతకండి, 1998లో బీబీసీ టీవీలో మొదలైంది. సంజీవ్ భాస్కర్, మీరా స్యాల్, వాళ్ళ జట్టు. అందులో బొంబాయి కుర్రకారు మందుకొట్టి ఇంగ్లీషు రెస్టారెంట్‌కి పోయి, మెనూలో అన్నిటికంటే చప్పటిది ఏదో అది పట్రా అని వెయిటర్ మీద వీరంగం వేస్తారు. శుక్రవారం రాత్రి ఇండియన్ రెస్టారెంట్లలో తాగి, కారం ఎక్కువున్నది తెమ్మని అరిచే తెల్ల కుర్రాళ్ళని చూసే ఉంటారుగా? ఆ సీను తిరగేశారు. దాని తర్వాత హయసింత్. తర్వాత 'ఎస్ మినిస్టర్'. మంత్రిగారు ఏదో చేద్దామంటే, సెక్రటరీ సర్ హంఫ్రీ 'తప్పకుండా సార్' అంటూనే దాన్ని ఫైళ్ళలో పాతేస్తాడు. మన సచివాలయాలు తెలిసినవాళ్ళకి వివరించక్కర్లేదు. 2001లో ఫారూఖ్ షేక్‌తో 'జీ మంత్రీజీ' అని హిందీలో కూడా తీశారు. ఆ తర్వాత చెట్టుకొమ్మ ఎపిసోడ్. బ్రెంట్ దగ్గరికి అన్నిటికంటే చివర్లో వెళ్ళండి, వెళ్తే మాత్రం 2003 క్రిస్మస్ ఎపిసోడ్లు చూసేదాకా మధ్యలో ఆపకండి. ఆ చివరి పది నిమిషాల్లో ఏం జరుగుతుందో చెప్పను, ఇప్పటికే చాలా చెప్పేశాను. అంత రాతిగుండె రచయితలూ అక్కడ కాస్త కరిగారు.

మీ ఆయనకి ఓ పని అప్పగించండి. మీతో కలిసి 'డండీస్' చూడమనండి. పామ్ కేకలేసేటప్పుడు తెరవైపు కాకుండా ఆయన మొహంవైపు చూడండి.

అన్నట్టు, మీ రైలు స్లౌలో ఆగితే ఓసారి దిగండి. 1937లో జాన్ బెట్జమన్ అనే కవి ఈ ఊరిమీద బాంబులు పడితే బావుండునని పద్యం రాశాడు. బ్రెంట్ ఆ పద్యం చేతబట్టుకుని చదువుతూ, చచ్చిపోయిన కవితో వాదనకి దిగుతాడు. సీరియల్ టైటిల్స్‌లో కనిపించే బస్టాండు కోసం మాత్రం వెతకొద్దు. దాన్ని పడగొట్టేశారు, 2011లో కొత్తది వచ్చింది.